మీ ఫోన్‌లోని ఎన్78 బ్యాండ్‌కీ హామ్ రేడియోకీ లింక్ ఏంటి? స్పెక్ట్రమ్ రూల్స్ మారితే ఈ హాబీ ఏమవుతుంది?

కొత్త 5జీ ఫోన్ కొనేముందు స్పెసిఫికేషన్స్‌లో ఎన్78 ఉందా లేదా అని మనందరం చూస్తాం. జియో అయినా ఎయిర్‌టెల్ అయినా మన దగ్గర 5జీ స్పీడ్ ఎక్కువగా వచ్చేది ఆ బ్యాండ్ నుంచే కాబట్టి. కానీ అందులో ఒక ముక్క, 3300 నుంచి 3400 మెగాహెర్ట్జ్ వరకు, మన దేశంలో హామ్ రేడియో ఆపరేటర్లకు ఇచ్చిన ఫ్రీక్వెన్సీల జాబితాలో ఉండేదని చాలామందికి తెలీదు. 2022 వేలం తర్వాత అక్కడ వాళ్ళకు ఆచరణలో చోటు లేకుండా పోయింది.

ఇది ఒక్క బ్యాండ్‌తో ఆగే కథ కాదు. ఒకవైపు శాటిలైట్ కంపెనీలు, ఇంకోవైపు వై-ఫై, మరోవైపు కొత్త టెలికాం చట్టం. వీటన్నిటి మధ్య హామ్‌ల పరిస్థితి ఏంటి, వైజాగ్ లాంటి ఊళ్ళో ఉన్న మనకి దీంతో ఏం పని అన్నది ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ముందు బేసిక్స్: హామ్ రేడియో అంటే

హామ్ రేడియో అంటే అమెచ్యూర్ రేడియో. డబ్బు సంపాదన కోసం కాకుండా నేర్చుకోవడానికి, ప్రయోగాలు చేయడానికి, అవసరమైనప్పుడు నలుగురికి సాయపడటానికి సొంత రేడియో స్టేషన్ నడుపుకోవడం. దీనికి లైసెన్స్ తప్పనిసరి. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ, అంటే వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్, పరీక్ష పెడుతుంది. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్‌లు ఉంటాయి. రెస్ట్రిక్టెడ్‌కి రేడియో థియరీ, రూల్స్ చదివితే చాలు. జనరల్‌కి మోర్స్ కోడ్ కూడా రావాలి. పాసయితే వీయూ2 లేదా వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ వస్తుంది. ఆ కాల్ సైన్ ప్రపంచం మొత్తంలో మీ ఒక్కరిదే.

మన హామ్‌లకు ఇచ్చిన బ్యాండ్‌లలో ముఖ్యమైనవి ఇవి:

- 7000–7200 కిలోహెర్ట్జ్, 14000–14350 కిలోహెర్ట్జ్: షార్ట్‌వేవ్, అంటే హెచ్‌ఎఫ్. ఈ తరంగాలు అయనోస్ఫియర్‌కి తగిలి వెనక్కి వస్తాయి. అందుకే వందలు, వేల కిలోమీటర్లు వెళ్తాయి.
- 144–146 మెగాహెర్ట్జ్: వీహెచ్‌ఎఫ్. ఊళ్ళో మాట్లాడుకోవడానికి, చిన్న ఉపగ్రహాలకు.
- 434–438 మెగాహెర్ట్జ్: యూహెచ్‌ఎఫ్. దీని వాడకం కూడా దాదాపు అలాంటిదే.
- 1260–1300, 3300–3400, 5725–5840 మెగాహెర్ట్జ్: మైక్రోవేవ్ ప్రయోగాల కోసం.

ఈ జాబితాని ఒకసారి పై నుంచి కిందకి చూడండి. కిందకి వెళ్ళేకొద్దీ మనం రోజూ వాడే గ్యాడ్జెట్ల ఫ్రీక్వెన్సీలు కనిపిస్తాయి. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

ప్రైమరీ, సెకండరీ: బస్సు సీటు లెక్క

స్పెక్ట్రమ్ రూల్స్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇది. ఇది అర్థమైతే మిగతాదంతా ఈజీ.

ఒకే బ్యాండ్‌ని ఇద్దరు ముగ్గురు వాడుకోవచ్చు. అందులో ప్రైమరీ యూజర్‌కి పూర్తి హక్కు. సెకండరీ యూజర్ వాడుకోవచ్చు గానీ ప్రైమరీకి ఏ ఇబ్బందీ కలిగించకూడదు, ప్రైమరీ వల్ల తనకి ఇబ్బంది వచ్చినా కంప్లయింట్ చేయకూడదు.

గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళే సిటీ బస్సులో స్త్రీలకు కేటాయించిన సీటు అనుకోండి. ఖాళీగా ఉంటే మగవాళ్ళు కూర్చుంటారు. ఆడవాళ్ళు ఎక్కితే లేవాలి. టికెట్ కొన్నాను కదా అని వాదించడానికి లేదు. 2025 ఆగస్టులో స్త్రీశక్తి ఫ్రీ బస్సు వచ్చాక ఆ సీట్లు ఖాళీగా దొరకడమే కష్టమైంది. రూల్ ఏమీ మారలేదు, ఎక్కేవాళ్ళ సంఖ్య పెరిగిందంతే. సెకండరీ హోదా పరిస్థితి సరిగ్గా ఇదే.

మన ఫీల్డ్ భాషలో చెప్పాలంటే ఎవరిదో ఫ్రీ టియర్ ఏపీఐ మీద ప్రాజెక్ట్ కట్టుకోవడం లాంటిది. నడిచినన్నాళ్ళు బ్రహ్మాండంగా నడుస్తుంది, కానీ హక్కు మనది కాదు.

ఇప్పుడు జాబితాకి తిరిగి వద్దాం. అంతర్జాతీయ కేటాయింపుల పట్టికలో 144–146 మెగాహెర్ట్జ్, 7000–7200 కిలోహెర్ట్జ్ హామ్‌లకు ప్రైమరీ. కానీ 434–438 అలా కాదు. యూరప్ ఉన్న రీజియన్ 1లో 430–440 హామ్‌లకు ప్రైమరీ, ఇండియా ఉన్న రీజియన్ 3లో మాత్రం సెకండరీ. మనదగ్గర అక్కడ రాడార్లకు ముందు హక్కు. 1260, 3300, 5725 బ్యాండ్‌లు కూడా సెకండరీనే. అంటే 434 నుంచి పైకి మన హామ్‌లు కూర్చున్నవన్నీ వేరేవాళ్ళ సీట్లే అనమాట.

3.3 గిగాహెర్ట్జ్ ఎలా పోయింది?

2022 జూలై 26న మొదలై ఆగస్టు 1న ముగిసిన 5జీ వేలంలో 3300–3670 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని అమ్మకానికి పెట్టారు. అన్ని బ్యాండ్‌లూ కలిపి ప్రభుత్వానికి వచ్చిన బిడ్‌ల విలువ సుమారు 1.5 లక్షల కోట్లు. 3.3 గిగాహెర్ట్జ్‌లో జియో, ఎయిర్‌టెల్ రెండూ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌తో సహా 22 సర్కిళ్ళలోనూ స్పెక్ట్రమ్ కొన్నాయి. అక్టోబర్ 1న 5జీ లాంచ్ అయింది.

కంపెనీలకు ఆ బ్యాండే ఎందుకు కావాలి? అక్కడ తరంగ దైర్ఘ్యం సుమారు 9 సెంటీమీటర్లు. చిన్న యాంటెన్నాలు సరిపోతాయి. ఒక టవర్ ప్యానెల్‌లో డజన్లకొద్దీ పెట్టి మాసివ్ మైమో చేయొచ్చు. పైగా ఒకే చోట 100 మెగాహెర్ట్జ్ వెడల్పు దొరుకుతుంది. స్పీడ్ వచ్చేది ఆ వెడల్పు వల్లే.

ఈ పరిణామం మన దేశంలోనే కాదు. అమెరికాలో కూడా 3.3–3.5 గిగాహెర్ట్జ్‌లో హామ్‌లకున్న సెకండరీ కేటాయింపు తీసేయాలని అక్కడి రెగ్యులేటర్ ఎఫ్‌సీసీ 2020లో నిర్ణయించింది. అక్కడ ఏడు లక్షలకు పైగా హామ్ లైసెన్సులున్నాయి, బలమైన సంఘం ఉంది. అయినా ఆపలేకపోయారు.

నిజం చెప్పాలంటే మన దేశంలో 3.3 గిగాహెర్ట్జ్‌ని రోజూ వాడే హామ్‌లు చాలా తక్కువ. ఆ వాదన రెగ్యులేటర్‌కి బాగా పనికొస్తుంది కూడా: వాడని చోటు ఖాళీగా ఎందుకు ఉంచాలి? కోట్ల మందికి 5జీ వస్తుంటే కొద్దిమంది హాబీ కోసం ఆపాలా? నాక్కూడా ఈ ప్రశ్న తప్పనిపించదు. కానీ మైక్రోవేవ్ యాంటెన్నా డిజైన్ చేత్తో చేసి నేర్చుకునే చోటు ఇంజనీరింగ్ స్టూడెంట్‌కి ఇలాంటి బ్యాండే. అది పోయాక సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫ్ చూడటమే మిగులుతుంది.

తర్వాత లైన్‌లో ఉన్న బ్యాండ్‌లు

1260–1300 మెగాహెర్ట్జ్: యూరప్ వాళ్ళ గెలీలియో నావిగేషన్ ఉపగ్రహాలు ఈ6 అనే సిగ్నల్‌ని 1278.75 మెగాహెర్ట్జ్ దగ్గర పంపుతాయి. చైనా బైడూ బీ3 సిగ్నల్ కూడా ఈ బ్యాండ్‌లోనే ఉంది. ఉపగ్రహం నుంచి భూమికి చేరేసరికి ఆ సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. పక్కనే ఒక హామ్ రిపీటర్ ఉంటే రిసీవర్ గందరగోళపడొచ్చు. 2023 నవంబర్, డిసెంబర్‌లలో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో దీనిపై చర్చ జరిగింది. హామ్‌ల బ్యాండ్ తీసేయలేదు, కానీ నావిగేషన్‌కి అడ్డు రాకుండా ఎంత పవర్, ఎక్కడ వాడాలో సూచించే ఐటీయూ మార్గదర్శకాన్ని జత చేశారు. మన నావిక్ సిగ్నల్స్ ఈ బ్యాండ్‌లో లేవు. కానీ మన ఫోన్లు గెలీలియో, బైడూ రెండూ పట్టుకుంటాయి కాబట్టి ఈ బ్యాండ్ మీద ఒత్తిడి పెరుగుతుందే తప్ప తగ్గదు.

434–438 మెగాహెర్ట్జ్: నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. 2025 డిసెంబర్ 24న ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ శ్రీహరికోట నుంచి బ్లూబర్డ్ బ్లాక్-2 అనే భారీ ఉపగ్రహాన్ని పంపింది గుర్తుందా? మామూలు ఫోన్‌కి నేరుగా ఆకాశం నుంచి ఇంటర్నెట్ ఇస్తామంటున్న ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ కంపెనీది అది. ఆ కంపెనీ తన ఉపగ్రహాల టెలిమెట్రీ, కమాండ్‌ల కోసం 430–440 మెగాహెర్ట్జ్ వాడుకోవడానికి ఎఫ్‌సీసీని అనుమతి అడిగింది. 2025లో ప్రపంచవ్యాప్తంగా హామ్‌లు దీనిపై అభ్యంతరాలు పంపారు. ఉపగ్రహానికి దేశాల సరిహద్దులు ఉండవు. అమెరికాలో ఇచ్చే అనుమతి ప్రభావం మన నెత్తి మీదుగా కూడా పోతుంది. అందుకే ఇక్కడి హామ్‌లకీ ఇది పట్టే విషయం.

ఈ బ్యాండ్ విలువ తెలియాలంటే హామ్‌శాట్ గురించి చెప్పుకోవాలి. 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6తో ఇస్రో పంపిన ఈ చిన్న ఉపగ్రహం హామ్‌ల కోసమే చేసింది. 435 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ తీసుకుని 145 దగ్గర తిరిగి పంపేది. 2014 వరకు పనిచేసింది.

144–146 మెగాహెర్ట్జ్: ప్రైమరీ కాబట్టి సేఫ్ అనుకుంటాం. కానీ 2019లో ఫ్రాన్స్ ఈ బ్యాండ్‌ని విమానయాన అవసరాల కోసం పరిశీలించాలని యూరప్ సమావేశంలో ప్రతిపాదించింది. గట్టి వ్యతిరేకత రావడంతో కొన్ని వారాల్లోనే ఆ ఆలోచన ఆగిపోయింది. అంతరిక్ష కేంద్రం నుంచి 145.8 మెగాహెర్ట్జ్ మీద వచ్చే మాటలు ఈ బ్యాండ్‌లోవే. 2025 జూలైలో శుభాంశు శుక్లా మన విద్యార్థులతో మాట్లాడింది కూడా హామ్ రేడియో ద్వారానే.

5725–5840 మెగాహెర్ట్జ్: దీన్ని ఎవరూ వేలం వేయలేదు. 2018 అక్టోబర్‌లో ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ వై-ఫై బ్యాండ్‌లను లైసెన్స్ అక్కర్లేకుండా చేసింది. అందులో 5725–5875 కూడా ఉంది. మనందరి రూటర్లకు అది మంచి వార్తే. హామ్‌కి మాత్రం సీటు ఉంది గానీ బస్సంతా గోల.

కొత్త చట్టం ఏం చెబుతోంది?

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టాల స్థానంలో టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 వచ్చింది. 2024 జూన్ 26 నుంచి ఒక్కో విడతగా సెక్షన్లు అమల్లోకి వస్తున్నాయి. హామ్‌లకు సంబంధించి ఇందులో రెండు పాయింట్లు చూడాలి.

మొదటిది మంచి వార్త. స్పెక్ట్రమ్ ఇవ్వాలంటే మామూలుగా వేలమే దారి. వేలం లేకుండా ఇచ్చే వాటిని చట్టం మొదటి షెడ్యూల్‌లో పెట్టారు. అంతర్జాతీయంగా గుర్తింపు ఉన్న, ప్రత్యేకంగా అమెచ్యూర్ స్టేషన్లకు కేటాయించిన బ్యాండ్‌లు అందులో ఉన్నాయి. అంటే హామ్‌లు కంపెనీలతో పోటీపడి బిడ్ వేయనక్కర్లేదు.

కానీ ఆ మాటలు జాగ్రత్తగా చదవండి. ప్రత్యేకంగా కేటాయించిన బ్యాండ్‌లు అంటే 7 మెగాహెర్ట్జ్, 144 మెగాహెర్ట్జ్ లాంటివి హాయిగా సరిపోతాయి. పంచుకుని వాడే సెకండరీ బ్యాండ్‌ల సంగతి? ఆ పదాలు వాటిని అంత గట్టిగా కాపాడవు అని నా అభిప్రాయం.

రెండోది రీఫార్మింగ్. స్పెక్ట్రమ్ ఇంకా సమర్థంగా వాడటానికి ఒక ఫ్రీక్వెన్సీని ఒక అవసరం నుంచి ఇంకో అవసరానికి మార్చే అధికారం ప్రభుత్వానికి చట్టంలోనే ఉంది. ఇదేం కుట్ర కాదు, ఏ దేశమైనా చేసేదే. కాకపోతే 'ఇక్కడ వాడేవాళ్ళు ఉన్నారు' అని రికార్డులో చెప్పేవాళ్ళు లేకపోతే ఆ బ్యాండ్ ఖాళీ అన్నట్టే లెక్కలోకి వస్తుంది.

వాకీటాకీ కొనేముందు ఒక్క నిమిషం

గ్యాడ్జెట్ ప్రియులకు నేరుగా తగిలేది ఈ పాయింటే. బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి చవక సెట్లు ఆన్‌లైన్‌లో చూసే ఉంటారు. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా ఒకవైపు, 400 పైన ఇంకోవైపు, దేంట్లోనైనా ట్రాన్స్‌మిట్ చేస్తుంది. ఆ 136–174లో ఏమున్నాయో చూడండి: హామ్‌ల 144–146 ఉంది. ఓడలు ప్రమాదంలో పిలిచే మెరైన్ ఛానెల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్ ఉంది. ఓడ ఎక్కడుందో చెప్పే ఏఐఎస్ సిగ్నల్స్ 162 చుట్టుపక్కల ఉన్నాయి.

వైజాగ్‌లో ఇది పుస్తకాల్లో ఉండే ప్రమాదం కాదు. ఇక్కడ పోర్టుంది, ఫిషింగ్ హార్బర్ ఉంది, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉంది. బీచ్ రోడ్డులో సరదాగా బటన్ నొక్కితే అవతల ఏ ఓడ పైలట్ చెవిలో పడుతుందో మనకి తెలీదు.

2025 మేలో వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ ఆన్‌లైన్ వాకీటాకీ అమ్మకాలపై మార్గదర్శకాలు తెచ్చింది. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది, లైసెన్స్ కావాలా, ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉందా అన్నవి లిస్టింగ్‌లో స్పష్టంగా చెప్పాలి. లైసెన్స్ లేకుండా వాడుకునే వాకీటాకీ బ్యాండ్ మన దేశంలో 446.0–446.2 మెగాహెర్ట్జ్, అదీ తక్కువ పవర్‌తో. దానికి బయట పనిచేసే సెట్‌కి లైసెన్స్ కావాలి.

దీనివల్ల హామ్‌లకు ఒక లాభం, ఒక నష్టం. లైసెన్స్ లేనివాళ్ళు బ్యాండ్‌లోకి వచ్చి గోల చేయడం తగ్గుతుంది. కానీ లైసెన్స్ ఉన్న స్టూడెంట్‌కి కూడా చవక సెట్ దొరకడం కష్టమవుతుంది. ఈ హాబీలోకి కొత్తవాళ్ళు వచ్చే తలుపు ఆ చవక సెట్టే.

హుద్‌హుద్ నేర్పిన పాఠం

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. కరెంటు లేదు, మొబైల్ నెట్‌వర్క్ లేదు. మన ఊళ్ళో అప్పుడు స్కూల్‌కి వెళ్ళే వయసున్న ఎవర్ని అడిగినా ఆ రోజులు గుర్తుంటాయి. అలాంటి టైమ్‌లోనే హామ్‌లు సమాచారం చేరవేసే పనిలోకి దిగుతారు. 2004 సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఉన్న హామ్ ఆపరేటర్ భారతి ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి సమాచారం పంపారు. అక్కడికి ఆమె వెళ్ళింది సహాయం కోసం కాదు, హామ్ రేడియో యాత్ర కోసం. రేడియో చేతిలో ఉంది కాబట్టి పనికొచ్చింది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఇలాంటి ఆపరేటర్లకు శిక్షణ ఇస్తోంది.

టవర్లన్నీ పడిపోయినా హామ్ రేడియో ఎలా పనిచేస్తుంది? మధ్యలో ఎవరూ అక్కర్లేదు కాబట్టి. 7.1 మెగాహెర్ట్జ్‌కి హాఫ్ వేవ్ డైపోల్ అంటే సుమారు 20 మీటర్ల రాగి తీగ. రెండు స్తంభాలకు కట్టి, ఒక 12 వోల్టుల బ్యాటరీ పెడితే వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి మాట్లాడొచ్చు. ఊళ్ళో అయితే వీహెచ్‌ఎఫ్. 100 మీటర్ల ఎత్తున్న కొండ మీద యాంటెన్నా పెడితే రేడియో చూపు మేర సుమారు 41 కిలోమీటర్లు. చుట్టూ కొండలున్న మన ఊరికి ఇది వరం.

ఇప్పుడు రెండు విషయాలు కలిపి చూడండి. తుఫానులో దూరం మాట్లాడటానికి కావాల్సిన హెచ్‌ఎఫ్ బ్యాండ్‌ల మీద టెలికాం కంపెనీలకు ఆశ లేదు. 7000–7200 కిలోహెర్ట్జ్ అంటే మొత్తం 0.2 మెగాహెర్ట్జ్. ఒక్క 5జీ క్యారియర్‌కి కావాల్సిన 100 మెగాహెర్ట్జ్ దానికి 500 రెట్లు. కాబట్టి ఆ సీటుని ఎవరూ అడగరు. అక్కడ ముప్పు వేరే: చవక ఎల్‌ఈడీ డ్రైవర్లు, చార్జర్లు, ఇన్వర్టర్లు వెదజల్లే రేడియో నాయిస్. ఊళ్ళో మాట్లాడటానికి కావాల్సిన 144, ఉపగ్రహాలకు కావాల్సిన 434 మీదే రూల్స్ మార్పుల ఒత్తిడి ఉండేది. మైక్రోవేవ్ బ్యాండ్ పోతే ప్రయోగాలు పోతాయి. ఇవి పోతే తుఫాను రోజు కాలనీకీ కలెక్టరేట్‌కీ మధ్య మాట పోతుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టకుండా, దేని కోసం గట్టిగా నిలబడాలో తెలుసుకోవడం ముఖ్యం.

మరి మనం చేయగలిగింది?

- ముందు వినండి. వెబ్‌ఎస్‌డీఆర్ సైట్లలో బ్రౌజర్‌లోనే ప్రపంచంలో ఎక్కడో ఉన్న రిసీవర్‌తో హామ్ బ్యాండ్‌లు వినొచ్చు. ఖర్చు సున్నా.
- నచ్చితే పరీక్ష రాయండి. సరళ్ సంచార్ పోర్టల్‌లో అప్లై చేయొచ్చు. ఓమ్ సూత్రం, యాంటెన్నా బేసిక్స్ తెలిసిన బీటెక్ స్టూడెంట్‌కి థియరీ పెద్ద కష్టం కాదు.
- లైసెన్స్ వచ్చాకే సెట్ కొనండి. ముందు కొని తర్వాత రాద్దాంలే అనుకోవద్దు.
- డ్రాఫ్ట్ రూల్స్ గెజిట్‌లో వచ్చినప్పుడు అభ్యంతరాలు, సూచనలకు సాధారణంగా 30 రోజులు ఇస్తారు. ట్రాయ్ కన్సల్టేషన్ పేపర్లకు కూడా ఎవరైనా జవాబు పంపొచ్చు. టెలికాం కంపెనీలు పేజీలకు పేజీలు పంపుతాయి. హామ్‌ల తరఫున ఒక స్టూడెంట్ రెండు పేరాలు రాసినా అది ఆ ఫైల్‌లో చేరుతుంది.

మార్పులన్నీ నష్టమే తెస్తాయని కూడా కాదు. 2015 ప్రపంచ రేడియో సదస్సు హామ్‌లకు 5351.5–5366.5 కిలోహెర్ట్జ్ అని ఒక కొత్త చిన్న బ్యాండ్ ఇచ్చింది. వెడల్పు 15 కిలోహెర్ట్జే, సెకండరీయే. కానీ ఏళ్ళ తరబడి అడిగితేనే వచ్చింది. 2019లో 144 మెగాహెర్ట్జ్ నిలబడింది కూడా వేలమంది గొంతెత్తడం వల్లే. 3.3 గిగాహెర్ట్జ్ విషయంలో మన దగ్గర అంత చప్పుడు లేదు. తర్వాతి డ్రాఫ్ట్ వచ్చేసరికి ఈ ఊళ్ళో వీయూ3 కాల్ సైన్‌లు ఇంకో పది పెరిగితే ఆ 30 రోజుల్లో రాసే చేతులు కూడా పెరుగుతాయి.